నేర్చిన స్త్రీకి తగిన మంచుపలకలు

ఈ యేటి సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు, మేము ఎప్పటివలె చేతివ్రాతను గూర్చియో, విద్యార్థుల పఠనాభిరుచిని గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము మంచుపై జారుటకు పాదములకు దొడుగు పలకలను గూర్చి వ్రాయదలచితిమి. మంచనగా మార్గశిర మాసపు వేకువను పొలములపై పరచుకొను పొగ మాత్రమే యెఱిగిన మన బాలబాలికలకు ఈ విషయము వింతగా దోచవచ్చును. మనాలీ వాస్తవ్యురాలగు ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీదేశపు ఎర్జురూమునందు స్కీ పందెమున కంచుపతకము గెలిచిన వార్తను కొందఱు చదివియుందురు గాని, ఆ పలకలెట్టివో యూహించియుండరు. అయితే మన పాఠశాలలో చదివిపోయిన వారి సంతానము నేడు డెన్వరులోను, టొరంటోలోను, మ్యూనికులోను కాపురములుండుటచే, అచ్చటి యిండ్లలో ఏ పలకలు కొనవలెనను ప్రశ్న నిజముగనే పుట్టుచున్నది. మా చెల్లెలి యింట పుట్టి, నెలదినములు ఆ యింటివారి నిద్ర చెఱచినది.

2023 డిసెంబరు మాసమున మేము సెలవు పెట్టి అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునకు వెళ్లితిమి. మా చెల్లెలి కుమార్తె అయిదవయేట తలిదండ్రులతో ఆ దేశమునకు బోయి, డెన్వరు నగరమున పెరిగి, పాఠశాలనాటి నుండియు శీతకాలపు శనివారములలో కొండలపై స్కీ నేర్చినది. అప్పటి కామెకు 23 ఏండ్లు. ఆ దేశమున జారుడు త్రోవలకు గుర్తులు గలవు: సులువైనదానికి ఆకుపచ్చని వలయము, నడితరపుదానికి నీలపు చదరము, కఠినమైనదానికి నల్లని వజ్రము. ఈ పిల్ల నల్లవజ్రపు త్రోవలలో తడబాటులేక దిగగల దిట్ట. అట్టిదానికి 2022 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నము మోకాలు మెలిపడి లోపలి బంధనము తెగెను. వైద్యులు ఏ.సి.ఎల్. అని పిలుచునది అదియే. స్కీ జారువారిలో ఈ గాయము పురుషులకంటె స్త్రీలకే హెచ్చుగా తగులుచున్నదని వైద్యశాస్త్రజ్ఞులు చాలకాలముగా గుర్తించియున్నారు. శస్త్రచికిత్స జరిగినది, ఏడాదికి పైగా వ్యాయామము చేయించిరి, 2023 శరత్తులో మరల మంచుపైకి పోవచ్చునని వైద్యుడు సమ్మతించెను.

తల్లి సమ్మతింపలేదు. "నడక వచ్చినది గదా, దానితో తృప్తిపడరాదా?" అని మా చెల్లెలు. "నడచుటకే అయినచో ఇన్ని నాళ్లు ఆ కసరత్తులెందుకు చేసితినమ్మా?" అని కూతురు. తుదకు తల్లి కొంత దిగివచ్చి, పోయినచో పొమ్ము గాని, పలకలు మాత్రము పొట్టివి, తేలికవి, ఆడువారివి కొనుక్కొమ్మని షరతు పెట్టెను. కూతురు ఆ షరతునకే యొప్పుకొనలేదు. "పెద్దమ్మ నడుగుదము" అని యిరువురును మావైపు తిరిగిరి. ఉపాధ్యాయులకు తెలియని విషయముండదని మా కుటుంబమున నొక భ్రమ గలదు. మేము తీర్పు చెప్పుటకు ముందు వినదలచితిమి. వారితోగూడ దుకాణములకు పోయితిమి. కొలతల పట్టికలు చదివితిమి. పలకలను చేతబట్టి వంచి చూచితిమి.

స్కీ యను మాట నార్వేవారి ప్రాచీనభాషలో చీల్చిన చెక్కపేడుకు పేరు. ఆ దేశపు టెలిమార్కు సీమలోని మోర్గెడాల్ నివాసి సోండ్రె నార్‌హైమ్ (1825–1897) ఆ చెక్కకు నడుమ సన్నదనము కల్పించి, మడమను కట్టి నిలుపు కట్టు నేర్పరచి, మలుపు తిరుగుటను ఒక విద్యగా మార్చెను. విమానముల కర్మాగారమున పనిచేసిన హవర్డు హెడ్ అను అమెరికావాడు 1950 ప్రాంతమున చెక్కను అల్యూమినియపు రేకుల నడుమ అతికి లోహపుపలక చేసెను. 1993 ప్రాంతమున స్లొవేనియాదేశపు ఎలాన్ సంస్థవారు కొనలు మిగుల వెడల్పుగను, నడుము మిగుల సన్నముగను గల పలకను తెచ్చిరి. అంచుపై వాలినమాత్రమున అది తానై వలయముగా తిరిగెను. ఆ పిమ్మట 2002లో షేన్ మెకాంకీ అనునతడు, నీటిపై జారు పలకలను జూచి, పడవముక్కువలె కొనలు పైకి లేచిన వెడల్పుపలకను వోలాంట్ సంస్థచే చేయించెను. నేడు దుకాణపు గోడకు నిలబెట్టిన ఏ పలకనైనను ఈ కల్పనలన్నియు పాళ్లు మారి యుండును. చిక్కంతయు ఆ పాళ్లయందే గలదు. లోహము హెచ్చినచో పలక గట్టిమంచుపై వణకదు గాని బరువగును. కొనలు పైకి లేచినచో మెత్తని మంచులో తేలును గాని, గట్టిమంచుపై నేలనంటు అంచు తఱుగును. వెడల్పు సంగతి వేఱుగా చెప్పవలెను.

మా పిల్ల కొనదలచిన జాతికి ఆల్ మౌంటెన్ అని పేరు. కొండ యంతటికి పనికివచ్చునది యని భావము. సర్వరోగనివారిణి యని చీటి యంటించిన సీసాను జూచినప్పుడు గలుగు సందేహమే మాకు గలిగినది. స్త్రీల ఆల్ మౌంటెన్ పలకలలో నడుము వెడల్పు సాధారణముగా 80 మిల్లీమీటర్లకు పైబడి, 100కు కొంచె మటునిటుగా నుండును. తూర్పున వెర్మాంటు కొండలపై మంచు తఱచుగా రాతివలె గట్టిపడును గనుక అచ్చటివారు సన్నని నడుమును కోరుదురు. పడమట యూటాలో పొడిమంచు విరివిగా పడును గనుక అచ్చటివారు వెడల్పును కోరుదురు. నడుము వెడల్పైనకొలది అంచు పాదపు నడిమికి దూరమగును. గట్టిమంచుపై ఆ యంచును నిలుపుటకు చీలమండయు మోకాలును హెచ్చుగా శ్రమింపవలెను. ఒక యంచు నుండి రెండవ యంచునకు మారుటయు ఆలసించును. కుట్లు పడిన మోకాలికి ఇది చిన్న సంగతి కాదు.

మా పిల్ల మొదట 98 మిల్లీమీటర్లవానిపై మనసు పెట్టుకొన్నది. ఆమెకు దినచర్య వ్రాయు అలవాటు కలదు. 2021 శీతకాలపు పుటలు తీయుమని మేము కోరితిమి. ఆ యేడు ఆమె 28 దినములు కొండపై గడపినది. వానిలో క్రొత్తమంచు లోతుగా పడిన దినములు అయిదు. తక్కిన 23 దినములును యంత్రముతో చదును చేసిన గట్టిత్రోవలపైనను, జనుల మలుపులచే గుబ్బలుకట్టిన వాలులపైనను గడచినవి. ఆ లెక్క చూచి ఆమెయే నవ్వినది. జనులు తాము నిజముగా జారు దినములకు గాక, కలలో జారు దినములకు పలకలు కొందురని మాకు దోచినది. పెండ్లికి తగిన పట్టుచీరను వంటయింట కట్టుకొనుటకు కొనువారివలె. లోతుమంచు పడిన ఆ అయిదు దినములకు వెడల్పుపలకలను అద్దెకు తెచ్చుకొనవచ్చును. 98 సంఖ్య ఆ సాయంత్రమే జాబితానుండి పోయినది.

ఇక స్త్రీల పలక యనగా నేమి? మేము చూచిన మొదటి దుకాణమున ఒక యువకుడు ఈ పిల్లను తలనుండి కాలివఱకు చూచి, ఏమియు నడుగకయే, లేతయూదారంగున పూలు గీసిన 155 సెంటీమీటర్ల జత తెచ్చి, "ఇవి సుకుమారముగా నుండును" అనెను. ఆమె మూడు ప్రశ్నలు వేసినది: లోపలి చెక్క యేది? లోహమెంత, ఎచ్చట? బైండింగు బిగించు గుర్తు పురుషుల పలకకంటె ఎంత ముందున్నది? అతడు పూలను మరల చూపెను. మేము బయటికి వచ్చితిమి. అమెరికాలో ఈ వర్తకమును "కుదించుము, గులాబిరంగు పూయుము" అని పరిహసించుట కలదు.

పరిహాసముతోనే విడుచుటయు న్యాయము కాదు. జీనీ థోరెన్ అను అమెరికాస్త్రీ యొకతె వెనుకటి తరమున ఊరూర తిరిగి స్త్రీలకు ఈ సంగతులు బోధించినది. స్త్రీల కటిభాగము వెడల్పగుటచేతను, శరీరభారము క్రిందుగను కొంచెము వెనుకగను నుండుటచేతను, పురుషుల కొలతకు బిగించిన కట్టుపై నిలిచిన స్త్రీ తెలియకయే వెనుకకు కూర్చున్నట్లగునని ఆమె వాదము. కట్టును కొంచెము ముందుకు జరుపుట, మడమ క్రింద స్వల్పమైన యెత్తు పెట్టుట ఆమె చెప్పిన విరుగుడులు. పలువురకు మేలు జరిగినది. అయితే నేటి యంగళ్లలో స్త్రీలవి యను చీటి క్రింద మూడు తెగలు గలవు: పురుషుల పలకకే రంగు మార్చినవి కొన్ని, ఒకే యచ్చున పోసి లోపలి చెక్కను తేలికపఱచి, లోహమును తగ్గించినవి కొన్ని, ఆద్యంతము వేఱుగా రచించినవి కొన్ని. చీటి మాత్రము మూడింటికి నొకటే. కావున నేర్చిన స్త్రీ చీటిని చదువుటతో ఆగక, దాని వెనుక నున్నదానిని అడిగి తెలిసికొనవలెను. ఆమె బరువు, బలము, నేర్పు, ఆమె కొండపై పడు మంచు, ఇవి కొలతలు గాని స్త్రీత్వము కొలత కాదు.

దీనికి విరుగుడుగా, నేర్చిన స్త్రీ పురుషుల పలకలనే కొనవలెనని కొందఱు గర్వముతో చెప్పుదురు. లిండ్సీ వాన్ పేరు వెంటనే వచ్చును. అంతర్జాతీయ స్కీ సమాఖ్యవారి నియమమున డౌన్‌హిల్ పందెమునకు స్త్రీల పలక 210, పురుషుల పలక 218 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఆ వీరవనిత కొన్ని యేండ్లు పురుషుల పలకలపైనే పరుగెత్తినది. నిజమే, కాని పందెమే వృత్తిగా గలిగి, సంవత్సరమంతయు కాళ్లను ఇనుముగా మలచుకొన్న యామెకు చెల్లినది, వారమున అయిదు దినములు కార్యాలయమున కుర్చీలో కూర్చుండి శనివారము కొండకు పోవు పిల్లకు చెల్లునని చెప్పుటకు వీలులేదు.

రెండవ దుకాణమున పలకలు బిగించు పనివారిలో నొక నడివయసు స్త్రీ యుండెను. ఆమె మొదట అడిగినది బరువు. 66 కిలోలు. పిదప ఎత్తు, 168 సెంటీమీటర్లు. పిదప ఏ కొండ, ఏ త్రోవలు, ఏ వేగము, మోకాలి కథ. పాతపలకలను చూపుమన్నది. అవి 156 సెంటీమీటర్లవి, మిక్కిలి మెత్తనివి. నిలబెట్టిన మా పిల్లకు ముక్కువఱకు వచ్చును. వేగముగా పోవునప్పుడు వాని ముందుకొనలు గడగడలాడుచుండెడివట. మోకాలికి తగిలిన గాయమునకు ఆ పలకలే కారణమని చెప్పుటకు ఆధారము లేదు. కాని ముందుకొన వణకినప్పుడు జారువారు దానిపై భారమునుంచుటకు జంకి వెనుకకు ఒరుగుదురని ఆ స్త్రీ చెప్పినది. ఈ మాటను మేము గుర్తు పెట్టుకొంటిమి.

పొడవు విషయమున తల్లికి మిక్కిలి భయము. క్రొత్తగా నేర్చువారికి గడ్డమువఱకు వచ్చు పలకయు, నేర్చినవారికి నుదుటినుండి తలపైవఱకు వచ్చునదియు నియ్యవలెనని వాడుక. నేటి పలకల కొనలు పైకి లేచియుండుటచే మంచునంటు భాగము చూపునకు దోచినంత పొడవు కాదు. కావున నేర్చినవారు కొంచెము పొడవైనదాని నెంచుకొన్నను భారము కాదు. ఆ స్త్రీ చూపినవి 171 సెంటీమీటర్లవి. "దానికంటె మూడంగుళాలు పొడవున్నదే!" అని మా చెల్లెలు గుండెమీద చేయివేసికొనెను. మూడు సెంటీమీటర్లే గాని, తల్లి కన్నులకు అంగుళములైనవి.

చూపిన జతలు రెండు. రెండును ఆస్ట్రియాలోని బ్లిజర్డు సంస్థవారివి. రెండింటికిని నడుము 88 మిల్లీమీటర్లు. స్త్రీలదాని పేరు బ్లాక్ పెర్ల్, అనగా నల్లముత్యము. పురుషులదాని పేరు బ్రహ్మ. సృష్టికర్త పేరు మంచుపలకకేల వచ్చెనని మేమడుగగా, అది దేవుని పేరు కాదు, బలమైన యెద్దుల జాతి పేరని ఆమె చెప్పినది. అమెరికావారు బ్రాహ్మన్ అను జాతిని మన దేశపు పశువులనుండియే పెంపొందించిరి. వానిలో మన ఒంగోలు గిత్తల రక్తము గూడ గలదు. ఒంగోలు తాలూకాలో పుట్టిన మాకు ఆ జతపై అకారణముగా పక్షపాతము గలిగినదని దాచనేల? కాని కొనునది మేము గాదు. ఎద్దు పేరిటిదానిలో చెక్కపై టైటనాల్ రేకులు రెండున్నవి. టైటనాల్ అనగా టైటేనియము కాదు. జింకు, మెగ్నీషియము, రాగి కలిసిన అల్యూమినియపు మిశ్రమలోహము. నల్లముత్యమునందు లోహము తక్కువ. బరువుచెక్కను తేలికచెక్కను స్త్రీలకై వేఱుపాళ్లలో కలిపి కూర్చినారు.

ఏది మేలో వాక్కుతో తేలదు. ఆ దేశమున ఒక మంచి మర్యాద కలదు. కొండ యడుగున నున్న యంగళ్లలో అద్దె చెల్లించి, ఒక్కదినముననే జత మార్చి జత పరీక్షింపవచ్చును. 2024 జనవరిలో ఒక శనివారము తెల్లవాఱకముందే బయలుదేఱి, 11,307 అడుగుల యెత్తున నున్న బర్తూడు కనుమ దాటి వింటర్ పార్కు చేరితిమి. మేమును మా చెల్లెలును అడుగున కాఫీ దుకాణపు కిటికీకడ కూర్చుండగా, పిల్ల ఎగిసి దిగి, జత మార్చి మరల ఎగిసినది.

ఉదయమున మంచు గట్టిగా నుండెను. బ్రహ్మపై నామె దిగివచ్చినప్పుడు ముఖము వెలుగుచుండెను. రైలు పట్టాలపై పోయినట్లున్నదనినది. మా యెద్దు గెలిచినదని మేము లోలోన సంతసించితిమి. మధ్యాహ్నము ఆ జతతోనే మేరీ జేన్ అను భాగమునకు పోయినది. ఆ ప్రదేశము గుబ్బలకు ప్రసిద్ధము. ఒక్కొక్క గుబ్బవద్ద పలకను ఎత్తి, త్రిప్పి, దింపవలెను. రెండు మారులు దిగివచ్చి బెంచీపై కూలబడి తొడలు రుద్దుకొన్నది. "పెద్దమ్మా, ఇది ఉదయము నన్ను యజమానురాలిని చేసినది, మధ్యాహ్నము దాసిని చేసినది" అనెను. అటుపిమ్మట అదే పొడవుగల నల్లముత్యముతో అవే గుబ్బలు దిగినది, మరల పోయినది, మూడవమారు గూడ పోయినది. గట్టిత్రోవపై దానినే వేగముగా తోలి చూచి, ఉదయపుదాని నిలుకడలో కొంత తగ్గినను ముందుకొన వణకలేదని చెప్పినది. 165 సెంటీమీటర్ల దానిని గూడ తొడిగి, ఒక్కసారి దిగి, తిరిగి యిచ్చివేసినది.

ఈ పరీక్షలో ఏ గంటకు ఏ మాట చెప్పినదనునది మాకు మిక్కిలి విలువైనదిగా దోచినది. 1995లో వెర్మాంటు పరిశోధకులు మోకాలి గాయములు కలుగు తీరును వివరించిరి. జారువారు వెనుకకు కూలబడినట్లొరిగి, చేతులు వెనుకబడి, భారమంతయు వాలువైపు పలక తోకపై పడినప్పుడు, ఆ తోక ఒక మీటవలె పనిచేసి మోకాలిని మెలిపెట్టునని వారు కనుగొనిరి. మానవ పాదమునకు లేని దిక్కున మొలచిన పాదమువలె తోక యుండుటచే దానిని దయ్యపుపాదమని పిలిచిరి. ఈ స్థితిని గుర్తించి తప్పించుకొనుట కొండపై పనిచేయువారికి నేర్పగా గాయములు తగ్గినవని ప్రకటించిరి. మేమీ సంగతి చెప్పినప్పుడు తల్లియు కూతురును మొదటిసారిగా ఒకే దిక్కున చూచిరి. వణకు పొట్టిపలక వేగమున వెనుకకొరిగించును. మోయలేని బరువుపలక అలసటచే వెనుకకొరిగించును. మధ్యాహ్నము మూడు గంటలవేళ గూడ కాళ్లపై నిటారుగా నిలువనిచ్చునదే ఈ పిల్లకు తగిన పలక. తేలికదనమును గూర్చి తల్లి పట్టినపట్టులో న్యాయము కలదు. పొడవును గూర్చి కూతురు పట్టినపట్టులో న్యాయము కలదు. కొనినది స్త్రీల జతయే. చీటిని జూచి కాదు, చీటిపై కోపముతో విడువనూలేదు.

కట్టు బిగించునాడు మా చెల్లెలు పనిబల్ల ప్రక్కనే నిలిచినది. పలక విడిపోవు బిగువును ఊహతో నిర్ణయింపరు. బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, జారు తీరు, ఈ అయిదింటిని బట్టి అంతర్జాతీయ పట్టిక కలదు. జారు తీరును మెల్లగా, నడితరముగా, ఉద్ధతముగా అను మూడు తెగలలో జారువారే చెప్పి చేవ్రాలు చేయవలెను. నేర్పునుబట్టి మూడవ తెగ వ్రాయదగినదయ్యు, మా పిల్ల ఆ యేటికి రెండవదే వ్రాసినది. "ఇది సమయమునకు ఊడును గదా, మోకాలు తెగదు గదా?" అని మా చెల్లెలు అడిగెను. పనిచేయుచున్న స్త్రీ మరచీల త్రిప్పుట ఆపి, ఈ కట్లు ముఖ్యముగా కాలియెముక విఱుగకుండ కాపాడుటకు కల్పింపబడినవని, ఆ పనిని చక్కగా చేసినవని, మోకాలి బంధనము విషయమున అట్టి హామీ ఎవరును ఈయలేరని స్పష్టముగా చెప్పినది. సరకమ్ముకొనువారు ఆ మాట చెప్పుట అరుదు. మా చెల్లెలు చాలసేపు మాటాడలేదు. తరువాత కారులో కూర్చున్నపుడు కూతురితో నొక యొడంబడిక చేసికొన్నది: తొడలు బరువెక్కిన వెంటనే, ఎండ యెంత యున్నను, స్నేహితులేమన్నను, దిగి రావలెను, అంతవఱకు తల్లి టెలిఫోను చేయరాదు.

మేము ఫిబ్రవరిలో తిరిగి వచ్చితిమి. ఏప్రిలులో వచ్చిన జాబునుబట్టి, ఆ కాలమున పిల్ల 14 దినములు కొండపై గడపినదనియు, నాలుగు దినములు మధ్యాహ్నమునకే దిగివచ్చినదనియు, ఒకసారి మాత్రము తల్లి ఒడంబడిక మీఱి ఫోను చేసినదనియు తెలిసినది. పాతపలకలను పొరుగింటి 13 ఏండ్ల బాలికకు ఇచ్చిరట. ఆమె తేలికైనది, నీలపు చదరము త్రోవలు నేర్చుచున్నది, ఆమె కవి చక్కగా కుదిరినవి. పలకల అడుగున మైనము కరగించి పూయుట మా చెల్లెలే నేర్చుకొన్నదట. ఇంటిలోని ఇస్త్రీపెట్టె దానికే అంకితమగుటచే, చీరలకు మఱియొకటి కొనవలసివచ్చినదని వ్రాసినది.